ఊక మీద ఎలుకలు

ఈమధ్య విజయవాడలో కడుపు స్కానింగ్ చేయించుకుని, లివర్‌లో కొవ్వు లేదని రిపోర్టు తెచ్చుకున్న మనిషిని నేనింకా చూడలేదు. నాకూ ఉందన్నారు. డాక్టరుగారు గ్రేడ్ వన్ అని నవ్వుతూ చెప్పి, రోజూ నడవమన్నారు, నెయ్యి తగ్గించమన్నారు. నడక మొదలుపెట్టాను. నెయ్యి సంగతి ఆలోచిస్తున్నాను. విషయం ఎలా పొక్కిందో కానీ మా అపార్ట్‌మెంట్ కింది వాటాలో ఉండే పెద్దమనిషి వన్ టౌన్‌లో మూలికల కొట్టు నుంచి ఒక పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"పొద్దున్నే పరగడుపున ఒక స్పూను వేసుకోండి డాక్టరుగారూ. లివర్ అద్దంలాగా అయిపోద్ది. ఎలుకల మీద కూడా టెస్టు చేశారంటండీ."

"ఆ ఎలుకలు ఏం తిన్నాయంట?" అన్నాను.

ఆయన నావంక అదోలా చూసి, నాకు లివర్‌తోపాటు ఇంకేదో కూడా పాడైందనుకున్నట్టున్నాడు, మాట మార్చేశాడు. ఆ ప్రశ్న నా సొంతం కాదు. మా కాలేజీలో పీహెచ్‌డీ చేసిన ఒక అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు కొత్తగా పరిశోధనలోకి వస్తున్న పిల్లలు ఆ సంగతి వింటే మంచిదనిపించి ఇదంతా రాస్తున్నాను.

ఆయన నన్ను డాక్టరుగారూ అన్నాడు కానీ, నేను చదివింది పశువైద్యం. గేదెకు సూది వేసిన రోజులు మాత్రం తక్కువ. ఉద్యోగమంతా గన్నవరం దారిలో ఉన్న ఒక కాలేజీలో, పరిశోధన కోసం పెంచే తెల్ల ఎలుకల బాగోగులు చూడటంలోనే గడిచిపోయింది. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే ఎలుకల్ని పెంచుతానని చెప్పేవాణ్ణి. "మా ఇంట్లోనూ బోలెడున్నాయండీ, పట్టుకెళ్ళండి" అనేవారు. ఈ హాస్యం నేను రిటైరయ్యేదాకా వింటూనే ఉన్నాను. మొదట విన్నప్పుడు కూడా నవ్వు రాలేదు.

మనిషి లివర్‌లో కొవ్వు ఎలా చేరుతుంది, ఎలా తగ్గుతుంది అని తెలుసుకోవాలంటే మనిషి లివర్‌ను మాటిమాటికీ కోసి చూడలేం కదా. అందుకని ఎలుకకు ఆ జబ్బు తెప్పిస్తాం. మందు ఇస్తాం. చివరికి కోసి చూస్తాం. ఎలుక మనిషి కాదు, ఆ మాట మరిచిపోయినవాళ్ళు చాలా గొప్పలు చెప్పి తర్వాత నాలిక కరుచుకున్నారు. కానీ తిన్నదాన్ని సర్దుకోవడంలో, విషాన్ని విరవడంలో దాని లివర్ పడే అవస్థ మన లివర్ పడే అవస్థలాంటిదే. "దాని ఒప్పుకోలు లేకుండా దాని ప్రాణం తీసుకుంటున్నాం. బదులుగా మనం ఇవ్వగలిగింది ఒక్కటే. దాని దగ్గర నేర్చుకున్నది నిజమై ఉండాలి." ఈ మాట మా మేడం అనేవారు.

మేడం మా కాలేజీలో పాథాలజీ ప్రొఫెసరు. రోగం పట్టిన కండను పలచగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి చెప్పడం ఆమె విద్య. బందరులో బడిపంతుళ్ళ కుటుంబం. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు డిపార్ట్‌మెంటు. నోరు కొంచెం పదును. నేను ఆమె నోట తిట్లు తిన్నాను, తిన్నందుకు నాకు మంచే జరిగింది కాబట్టి ఫిర్యాదు లేదు. ఇక టీ అంటే ఆమెకు ప్రాణం. టేబుల్ మీద కుడిపక్క మైక్రోస్కోపు, ఎడమపక్క టీ కప్పు. ఎడమచేతికి ఎప్పుడూ ఖాళీ ఉండేది కాదు.

అటువంటి మనిషి ఒక కట్టుబాటు పెట్టారు. జంతువులను కోసేరోజు, ఆ పని మొత్తం ముగిసేదాకా డిపార్ట్‌మెంటులో టీ పెట్టకూడదు. ఎవరూ బయటికి పోయి తాగి రాకూడదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇదేం నియమం మేడం అని అడిగాను. "ప్రాణం తీసినరోజు అండీ. మన గొంతు కాసేపు ఆరితే ఏం పోదు" అన్నారు. మొదటి బోను మీద చెయ్యి ఉంచి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవారు. మా యానిమల్ హౌస్ అటెండరు తన పద్ధతిలో తను దండం పెట్టుకునేవాడు. తర్వాత అందరం చేతులకు గ్లౌజులు వేసుకునేవాళ్ళం. సాయంత్రం చివరి సీసాకు మూత పడ్డాక ఆమె "ఇక టీ చెప్పండి" అనేవారు. ఆ ఒక్క మాటతో అందరి ముఖాల్లోకీ ప్రాణం వచ్చేది.

ఆ మేడం దగ్గర పీహెచ్‌డీకి చేరింది ఈ అమ్మాయి. నాగాయలంక వైపు నుంచి వచ్చింది. ఇంట్లో గేదెలు, వాటి వెనకాల తిరిగే తల్లి. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఆ అమ్మాయిలో నన్ను విసిగించిన గుణం ఒకటుండేది. ఏదీ పారేసేది కాదు. ఖాళీ సీసాలు, అరిగిపోయిన కత్తెరలు, విరిగిన మూతలు, అన్నీ "ఉండనీయండి సార్, పనికొస్తాయి" అంటూ నా స్టోర్ రూములోకి చేర్చేది. నేను వారానికోసారి అరిచేవాణ్ణి. ఆమె వారానికోసారి "సరే సార్" అనేది. సీసాలు మాత్రం అక్కడే ఉండేవి.

ఆమె పని ఒక ఆకు పసరు మీద. ఆ ఆకు పేరు ఇక్కడ రాయను. రాస్తే రేపు పొద్దున్నే కొనడానికి కొందరు, తిట్టడానికి కొందరు బయల్దేరతారు. లివర్‌కు మంచిదని మన వైపు పాతకాలం నుంచీ వాడే ఆకే. అది నిజంగా కొవ్వును ఆపుతుందా లేదా అన్నది ప్రశ్న. ఎలుకలకు ఒక ప్రత్యేకమైన మేత పెట్టాలి. తెల్లగా పిండి ముద్దలా ఉంటుంది. అందులో నూనె ఎక్కువ. లివర్ తనలో చేరిన కొవ్వును బయటికి పంపడానికి కావలసిన కోలిన్ అనే పోషకం మాత్రం ఉండదు. కొన్ని వారాలు అదే తింటే లివర్ నిండా కొవ్వు పేరుకుంటుంది. సగం ఎలుకలకు ఆ మేత మాత్రమే. మిగతా సగానికి ఆ మేతతోపాటు రోజూ సన్నని గొట్టంతో పసరు.

పసరు పట్టిన ఎలుకలకు విరేచనం కాస్త పలచబడింది. బోన్లు తొందరగా తడిసేవి. మా బోన్లలో పరుపు అంటే వరి ఊకే. కృష్ణా డెల్టాలో ఉండి ఎలుకల పరుపు ఎక్కడినుంచో తెప్పించుకుంటే నవ్వుతారు. మిల్లు నుంచి బస్తాల్లో వచ్చేది, వేడికి శుభ్రం చేసి వాడేవాళ్ళం. తడిసిన బోనులో జంతువును ఉంచకూడదు. అందుకని నేను చెప్పగా, పసరు పట్టే బోన్లలో అటెండరు రోజూ ఊక మార్చేవాడు. మిగతా వాటిలో మామూలుగా మార్చేరోజునే మార్చేవాడు. అతను చేసింది సరైన పని. నేను చెప్పిందీ సరైనదే. పశువైద్యుణ్ణి ఎవర్ని అడిగినా అలాగే చెప్తాడు.

కోసేరోజు వచ్చింది. మేతొక్కటే తిన్న ఎలుకల లివర్లు పసుపుపచ్చగా వెన్న ముద్దల్లా ఉన్నాయి. పసరు తాగినవాటివి ముదురు ఎరుపులో, నిగనిగలాడుతూ, అసలు జబ్బే ఎరగనట్టున్నాయి. మైక్రోస్కోపు దాకా పోనక్కర్లేదు, దారిన పోయే మనిషి కూడా తేడా చెప్పగలడు. మేడం ఒక్కో ట్రే ముందు ఆగి ఆగి చూశారు. ఆమె ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత స్పష్టమైన ఫలితం తన కళ్ళబడలేదని అన్నారు.

మా పద్ధతి ప్రకారం లివర్ మీద పనిచేసేవాళ్ళు లివర్ తీసుకుంటారు. మిగతాది కాల్చడానికి పోతుంది. ఆ రోజు అన్నీ సర్దుతూ చూస్తే ఈ అమ్మాయి ఎలుకల జీర్ణాశయాలను కూడా ఫార్మలిన్ సీసాల్లో వేస్తోంది.

"అవెందుకమ్మా మళ్ళీ?" అన్నాను.

"మోషన్ పలచబడింది కదా సార్. మందువల్ల కడుపులో ఏమన్నా దెబ్బ తగిలిందేమో ఎప్పుడన్నా చూద్దామని."

"నీ టాపిక్ లివరు. నా స్టోర్‌లో చోటు లేదు."

"కింద అరలో సర్దుతాను సార్."

సర్దింది. నేను ఇంకోసారి అరిచాను. సీసాలు అక్కడే ఉండిపోయాయి.

తర్వాత రోజులు బాగా గడిచాయి. మేడం పరిశోధన పేపర్ రాసి ఒక సైన్సు పత్రికకు పంపారు, వాళ్ళు వేసుకుంటామన్నారు. స్థానిక వార్తల పేజీలో మేడం ఫొటోతో చిన్న వార్త వచ్చింది. మూలికా మందులు తయారుచేసే ఒక కంపెనీ మనిషి స్వీట్ల డబ్బాతో వచ్చి ప్రిన్సిపాల్‌గారిని కలిశాడు. ప్రిన్సిపాల్‌గారు యానిమల్ హౌస్‌లోకి మొదటిసారి తొంగిచూశారు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అయినా సరే. అమ్మాయికి ఫెలోషిప్ గడువు దగ్గరపడుతోంది. ఆలోగా థీసిస్ ఇచ్చేయాలి. దానికి ముందు అందరి ఎదుట సెమినార్ చెప్పాలి. తేదీ కూడా పెట్టేశారు.

సెమినార్ ఇంకో రెండు రోజులుందనగా మధ్యాహ్నం ఆ అమ్మాయి నా గదిలోకి వచ్చింది. చేతిలో ట్రే, ట్రేలో కోసి తెరిచిన రెండు జీర్ణాశయాలు.

"సార్, థీసిస్‌లో మందు దుష్ప్రభావాల గురించి ఒక పేరా రాయాలి కదా. అందుకని కడుపులు తెరిచి చూశాను. ఇది మందు ఇవ్వని ఎలుకది. ఇది ఇచ్చినది. మీరోసారి చూడండి."

మందు ఇవ్వని దాంట్లో తెల్లటి ముద్ద ఉంది, మేం పెట్టిన మేత. మందు ఇచ్చినదాంట్లో ఆ తెల్ల ముద్దతో కలిసిపోయి గోధుమరంగు పొడి కనపడింది. చిన్న చిన్న పొట్టు ముక్కలు, నూక గింజల్లాంటివి కూడా ఉన్నాయి. నేను కళ్ళజోడు సవరించుకున్నాను.

"ఇది..." అన్నాను.

"తవుడు సార్" అంది. "మా అమ్మ గేదెలకి కలిపే చిట్టు ఇలాగే ఉంటది. మందు ఇచ్చినవన్నీ తెరిచాను. అన్నిట్లోనూ ఉంది. ఇవ్వనివాటిలో ఎక్కడో కొంచెం."

ఇద్దరం స్టోర్‌లోకి నడిచాం. ఊక బస్తా విప్పి గుప్పెడు తీసి జల్లెడ పట్టాం. కింద పెట్టిన కాగితం మీద మెత్తటి తవుడు, నూకలు రాలాయి. బస్తా అడుగున ఇంకా ఎక్కువ. కొత్తరకం మిల్లుల్లో ఊక వేరు, తవుడు వేరుగా వస్తాయి. పాత హల్లరు మిల్లుల్లో రెండూ కలిసిపోయి వస్తాయి. మా ఊక హల్లరు మిల్లుదని అప్పుడు అర్థమైంది. మనకు ఊక అంటే ఇటుకబట్టీలో కాల్చేది, కోళ్ళఫారంలో పరిచేది. అందులో తినేది ఉంటుందని డెల్టాలో పుట్టిన మనిషికి ఎందుకు తోస్తుంది? తెల్ల ముద్ద తిని తిని మొహం మొత్తిన ఎలుకకు మాత్రం తోచింది. ఊకలో వెతుక్కుని తవుడు తింది. మేం మేతలోంచి తీసేసిన కోలిన్ తవుడులో కావలసినంత ఉంటుంది. మందు ఇచ్చిన ఎలుకలకు రోజూ కొత్త ఊక, అంటే రోజూ కొత్త తవుడు. మందు ఇవ్వనివాటికి వారంలో ఒకటి రెండుసార్లు. లివర్లను కాపాడింది పసరు కాదు, అది తెప్పించిన విరేచనం.

ఎవరూ తప్పు చేయలేదు. అందుకే ఎవరికీ కనపడలేదు.

అమ్మాయి ఆ ఊక బస్తా మీదే కూలబడింది.

"నా థీసిస్ పోయింది సార్."

"తొందరపడకు. మందు కూడా ఎంతో కొంత పనిచేసి ఉండొచ్చుగా."

"చేసుండొచ్చు సార్. చేసిందని నేను చెప్పలేను కదా."

ఆ కడుపులు తియ్యమని ఆమెను ఎవరూ అడగలేదు. అవి ఉన్నాయని నాకు తప్ప ఎవరికీ తెలియదు. వాటిని కాల్చడానికి పంపేస్తే సెమినార్, థీసిస్, డిగ్రీ, కంపెనీవాళ్ళ స్వీట్లు అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. ఈ ఆలోచన నాకు తట్టింది. ఆమెకూ తట్టే ఉంటుంది. కానీ ఆమె లేచి, చీర కుచ్చిళ్ళకు అంటిన ఊక దులుపుకుని, "మేడం గదిలో ఉన్నారా సార్?" అంది. ఎంత పెద్ద శాస్త్రజ్ఞుల గురించి చదివినా నాకు ఆ దులుపుకోవడమే గుర్తొస్తుంది.

మేడం ట్రేని స్టాండు భూతద్దం కింద పెట్టుకుని చాలాసేపు చూశారు. మధ్యలో చిన్న పట్టకారుతో ఒక పొట్టు ముక్కను పక్కకు జరిపారు. అమ్మాయి జరిగిందంతా చెప్పింది. బోన్లు ఏవి ఎప్పుడు మార్చామో నేను చెప్పాను. అటెండరు మామూలుగా ఆ వేళకు తెచ్చే టీ తెచ్చి టేబుల్ మీద పెట్టి వెళ్ళాడు. ఆమె దానివంక చూడలేదు.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?" అని అడిగారు.

 పేపర్ ఒప్పుకున్నారు, ఫొటో వేశారు, ఆమె రిటైర్మెంటుకు ఎంతో దూరం లేదు. మంచివాళ్ళు కూడా ఇలాంటిచోటే జారతారు. అమ్మాయి గొంతు తగ్గించి, "మన ముగ్గురికే మేడం" అంది.

"అయితే ఎల్లుండికి అందరికీ తెలియాలి. సెమినార్ ఆపద్దు. ఇదే చెప్పు."

"నా థీసిస్ మేడం..."

"ఆ థీసిస్ లేదు. ఇంకోటి రాస్తావు. ఫెలోషిప్ గడువు పెంచమని నేను అడుగుతాను. ఇవ్వకపోతే అప్పుడు చూద్దాం." ట్రేని జాగ్రత్తగా అమ్మాయి చేతికిచ్చారు. "ఇది పారేయకుండా దాచావు చూడు, నీకు దండం పెట్టాలి."

తర్వాత టీ కప్పు తీసి నావైపు జరిపారు. "ఇది తీసుకెళ్ళిపోండి. ఇక తేవద్దని చెప్పండి."

"ఏమైంది మేడం?"

"ఆ ఎలుకల పని అయిపోయిందనుకుని ఆ రోజు టీ తాగాం. అవలేదుగా."

కోపంలో అన్నమాట అనుకున్నాను. రెండు రోజుల్లో మామూలైపోతారనుకున్నాను. ఆమెను అన్నాళ్ళుగా ఎరిగుండి కూడా అలా అనుకున్నానంటే నా తెలివికి నేనే మెచ్చుకోవాలి.

సెమినార్‌కు హాలు నిండింది. ముందు వరసలో ప్రిన్సిపాల్‌గారు, ఆ పక్కన కంపెనీ మనిషి. అమ్మాయి మొదట లివర్ల ఫొటోలు చూపించింది. ఎర్రటివి, పసుపుపచ్చవి పక్కపక్కన. హాల్లో చిన్న హర్షధ్వానం లేచింది. తర్వాత కడుపుల ఫొటోలు వేసింది. ఊక, తవుడు, బోన్లు, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోయింది.   ముగించగానే కంపెనీ మనిషి ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

వేరే డిపార్ట్‌మెంటు ప్రొఫెసరుగారు ఒకాయన లేచారు. "నీ సబ్జెక్టు లివర్ కదమ్మా. కడుపు కోయమని ఎవరు చెప్పారు?"

"మేత కడుపులోంచేగా సార్ లివర్‌కి వెళ్ళేది" అంది.

ఆయన కూర్చున్నారు. ప్రిన్సిపాల్‌గారు మాత్రం కూర్చునే స్థితిలో లేరు. న్యూస్‌పేపర్లో కూడా వచ్చేసింది, కాలేజీ పరువేం కావాలి అన్నారు. అప్పుడు మేడం వెనక వరసలోంచి లేచి నిలబడ్డారు. "పత్రికకి పేపర్ రాసింది నేనండీ, ఈ అమ్మాయి కాదు. నిన్ననే వెనక్కి తీసుకుంటున్నానని వాళ్ళకి రాసేశాను. కాలేజీ పరువు సంగతి అంటారా, ఈ పిల్ల ఇప్పుడు చెప్పిందాంతోనే ఉంది. అక్కర్లేదంటే మీ ఇష్టం." అంతే చెప్పి కూర్చున్నారు. నాకు ఈల వెయ్యాలనిపించింది. వయసు అడ్డం వచ్చింది.

పరువు నిలబడినా, పని నిలబడాలంటే మళ్ళీ ఎలుకలు కావాలి. జంతువులతో ఏ ప్రయోగం చేయాలన్నా ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. ఆ కమిటీలో సైన్సుతో సంబంధం లేని బయటి మనిషి ఒకరుంటారు. మాకు రిటైరైన తెలుగు మాస్టారొకాయన ఉండేవారు. ఆయన అమ్మాయిని సూటిగా అడిగారు.

"ఇంకొన్ని ఎలుకలు పోయాక ఏం తేలుతుందమ్మా?"

"మందు పనిచేయదని తేలొచ్చు సార్."

"పనిచేయని మందు కోసం ప్రాణాలు తియ్యడం దేనికి?"

 "తేల్చకుండా వదిలేస్తే, ఇంకో కాలేజీలో ఇంకొకరు ఇదే పసరుకి మళ్ళీ ఎలుకల్ని అడుగుతారు సార్. వాళ్ళ తర్వాత ఇంకొకరు. మా మొదటి ఎలుకలు కూడా దండగైపోతాయి. అవి దండగ కాకూడదని నా బాధ."

మాస్టారు సంతకం పెట్టారు. అడిగినదానికన్నా తక్కువ ఎలుకలతో సరిపెట్టుకోగలవా అని నేను అడిగితే, ముందే తగ్గించి అడిగానని చెప్పింది. ఇది కూడా నేను మరిచిపోలేదు.

ఈసారి ఊక బదులు పరీక్షల విభాగంలో మిగిలిపోయిన తెల్లకాగితం సన్నగా కత్తిరించి పరిచాం. ఎలుకలు దాంతో గూళ్ళు కట్టుకుని మహా సంబరపడ్డాయి. బోన్లన్నీ ఒకే రోజు మార్చాం, తడిసినా తడవకపోయినా. ఒక గుంపుకు మేతొక్కటే. ఒక గుంపుకు మేతా పసరూ. ఇంకో గుంపుకు పసరు లేకుండా, మేతతోపాటు మా పాత మిల్లు ఊక రోజూ. కోసేరోజు మేడం ఎప్పటిలాగే బోను మీద చెయ్యి ఉంచి నిలబడ్డారు. ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపు.

అప్పటికి టీ మానేసి నెలలు దాటాయి. ఎడమచేతికి పని లేక, స్లైడ్లు చూస్తున్నప్పుడు ఆ చేత్తో టేబుల్ మీద తాళం వేసేవారు. తలనొప్పి వస్తే కణతలు నొక్కుకునేవారు. ఇంట్లో తాగేవారేమో నాకు తెలియదు, అడిగే ధైర్యం కూడా లేదు. డిపార్ట్‌మెంటులో మాత్రం ముట్టలేదు. ఆమె తాగకుండా మేం తాగుతామా? కాలేజీ గేటు బయట బడ్డీకొట్టువాడికి మావల్ల బేరం పెరిగింది.

స్లైడ్లు ఏ గుంపువో తెలియకుండా చదవాలని మేడం పట్టుబట్టారు. వాటి మీద గుర్తులు కనపడకుండా నేను తెల్లటేపు అంటించాను. ఆమె ఒక్కోటి చూసి కొవ్వు ఎంతుందో చెప్తుంటే, స్లైడ్లను వేరువేరు ట్రేల్లో పెట్టాం. అన్నీ అయ్యాక అమ్మాయి టేపులు తీయడం మొదలుపెట్టింది. కొవ్వు లేని ట్రేలో ఉన్నవన్నీ ఊక గుంపువే. కొవ్వు నిండిన ట్రేలో మేత గుంపు, పసరు గుంపు కలిసిపోయి ఉన్నాయి. ఆ రెంటికీ తేడా లేదు. పసరు ఏమీ చేయలేదు.

మేడం కుర్చీలో వెనక్కి వాలారు. పేరు తెచ్చిపెడుతుందనుకున్న మందు ఆమె కళ్ళ ముందే పోయింది. అయినా ముఖంలో దిగులు లేదు. బరువు దించుకున్న మనిషిలా ఉన్నారు.

"టీ చెప్పమంటారా మేడం?" అన్నాను.

"ఇంకా లేదండీ" అన్నారు, అమ్మాయివంక చూస్తూ. "ఇంకో పని మిగిలింది."

ఫెలోషిప్ గడువు పెంచలేదు. అమ్మాయి పొద్దున కాలేజీకి వస్తూ, సాయంత్రాలు బెంజి సర్కిల్ దగ్గర ట్యూషన్ చెప్పుకుంటూ థీసిస్ రాసింది. దాంట్లో మందు గురించి ఒకే అధ్యాయం. మిగతాదంతా ఎలుకల పరుపు, మేత, కడుపు, లివర్ ఒకదాన్నొకటి ఎలా మార్చేస్తాయన్నది. ఇలాంటి థీసిస్‌కు డిగ్రీ ఇస్తారా అని కాలేజీలో గుసగుసలు. నాకూ అనుమానంగానే ఉండేది, పైకి మాత్రం ధైర్యం చెప్పేవాణ్ణి.

వైవాకు బయటి యూనివర్సిటీ నుంచి పేరున్న ప్రొఫెసరుగారు వచ్చారు. నవ్వని మనిషి. థీసిస్‌ను బొటనవేలితో సర్రున తిప్పి టేబుల్ మీద పెట్టారు.

"మీ మందు పనిచేయలేదు. మొదటి ప్రయోగం తప్పని మీరే అంటున్నారు. అయితే ఇన్నేళ్ళూ ఇక్కడ ఏం కనుక్కున్నట్టమ్మా?"

 అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఎలుక ఏం తిందో కనుక్కున్నాను సార్" అంది.

 ఆయన జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు. "మా ల్యాబులో కూడా ఊకే వాడతారు" అన్నారు మెల్లగా, ఎవరికో కాదు, తనలో తను అనుకున్నట్టు. "వెళ్ళగానే జల్లెడ పట్టించాలి." ఆ పెన్నుతోనే రిపోర్టు రాసి, తలెత్తి, "కంగ్రాచ్యులేషన్స్, డాక్టర్" అన్నారు. అప్పుడు నవ్వారు కూడా.

మేడం నావైపు తిరిగారు. "ఇక టీ చెప్పండి."

అటెండరు ముందుగానే పెట్టి ఉంచాడు, అతనికి నాకన్నా నమ్మకం ఎక్కువ. ట్రే పట్టుకొచ్చి పద్ధతి ప్రకారం మొదట అతిథి ప్రొఫెసరుగారి ముందు వంగబోయాడు. మేడం దారిలోనే ఒక కప్పు అందుకుని, తీసుకెళ్ళి అమ్మాయి చేతిలో పెట్టారు. "ముందు డాక్టరుగారికి" అన్నారు. అమ్మాయి రెండు చేతులతో పట్టుకుంది. ఇంతవరకు ఎక్కడా ఏడవని పిల్ల, ఆ కప్పు చూసి ఏడ్చింది. నేనూ కిటికీవైపు తిరిగాను.

మేడం తన కప్పు తీసుకుని, అన్నాళ్ళ తర్వాత మొదటి గుక్క తాగి, మొహం చిట్లించారు.

"చక్కెర ఎక్కువేశాడు" అన్నారు. మొత్తం తాగి, ఇంకో కప్పు అడిగారు.